శ్వాసకోశ వైరస్ వ్యాధులు – జన్యు వైవిధ్యం: తెలుగువారి జన్యు సమాచారం చెబుతున్నదేమిటి?

వ్యాససంగ్రహం:

ఒకే వైరస్ ఒకే ఇంట్లో నలుగురికి సోకినప్పుడు ఒకరికి జలుబుతో పోతుంది. మరొకరికి ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఈ భేదంలో జన్యువుల పాత్ర ఎంత? కోవిడ్ కాలంలో వెలువడిన పరిశోధనల ఆధారంగా, తెలుగువారికి సంబంధించిన జన్యు సమాచారాన్నీ పల్నాడు సామాజిక నేపథ్యాన్నీ దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: జన్యు వైవిధ్యం, వ్యాధిగ్రహణశీలత, అంతర్వివాహం, నియాండర్తల్ డీఎన్‌ఏ, పల్నాడు.

1. ఉపోద్ఘాతం:

2020 ఏప్రిల్, మే నెలల్లో నాటి గుంటూరు జిల్లాలో కోవిడ్ తీవ్రంగా వ్యాపించిన పట్టణాల్లో నరసరావుపేట ఒకటి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నేడు అదే ముఖ్యపట్టణం. ఆ రోజుల్లో రెండు రకాల మాటలు తరచుగా వినిపించేవి. ‘ఎండలో కష్టం చేసే ఒళ్లు, మనకేం కాదు’ అన్నది ఒకటి. ‘వాళ్ల రక్తంలోనే ఉంది’ అన్నది రెండవది. మొదటిది నిర్లక్ష్యానికి దారితీస్తుంది. రెండవది ఒక కుటుంబం మీదనో, కులం మీదనో ముద్ర వేస్తుంది. రెండింటికీ మూలం ఒక్కటే: శరీర స్వభావం పుట్టుకతోనే పూర్తిగా నిర్ణయమైపోతుందనే నమ్మకం. ఆధునిక జన్యుశాస్త్రం ఈ నమ్మకాన్ని ఎంతవరకు సమర్థిస్తుందో పరిశీలించవలసి ఉంది.

2. వ్యాధిగ్రహణశీలత – మూడు దశలు:

మానవ జన్యుపటంలో సుమారు 300 కోట్ల రసాయనాక్షరాలు ఉంటాయి. ఏ ఇద్దరి జన్యుపటాలను పోల్చినా దాదాపు 99.9 శాతం ఒకేలా ఉంటాయి. మిగిలిన స్వల్పభాగంలోని తేడాలనే జన్యు వైవిధ్యం అంటాము. శ్వాసకోశ వైరస్ విషయంలో ఈ తేడాలు ముఖ్యంగా మూడు దశల్లో ప్రభావం చూపగలవు.

మొదటిది ప్రవేశ దశ. కోవిడ్ వైరస్ కణంలోకి వెళ్లడానికి ఏసీఈ2 అనే ప్రోటీన్‌ను ద్వారంగా వాడుకుంటుంది. రెండవది హెచ్చరిక దశ. వైరస్ చొరబడిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి పొరుగు కణాలను మేల్కొలుపుతుంది. మూడవది దెబ్బతిన్న ఊపిరితిత్తుల పొర తనను తాను సరిదిద్దుకొనే దశ. వైరస్ సోకడం వేరు, సోకిన తర్వాత వ్యాధి ముదరడం వేరు. జన్యువుల గురించిన బలమైన ఆధారాలు ఎక్కువగా ఈ రెండవ విషయానికి సంబంధించినవే.

3. ఒకే జన్యువు, పలు జన్యువులు:

కొన్ని గుణాలను ఒకే జన్యువు నిర్ణయిస్తుంది. ఇందుకు తెలుగునాట ప్రసిద్ధమైన ఉదాహరణ వైశ్య సముదాయంలో అధికంగా కనిపించే సూడోకోలినెస్టరేజ్ లోపం. ఈ లోపం ఉన్నవారికి శస్త్రచికిత్స సమయంలో సక్సినైల్‌కోలిన్ అనే కండరాల సడలింపు మందు ఇస్తే, నిమిషాల్లో తగ్గవలసిన ప్రభావం గంటలపాటు నిలిచి, సొంతంగా ఊపిరి తీసుకోలేని స్థితి ఏర్పడుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రచురించిన పరిశోధన, ఈ సముదాయం 100 తరాలకు పైగా దాదాపు తనలో తానే వివాహాలు చేసుకుంటూ వచ్చిందని సూచించింది. కొద్దిమంది పూర్వికుల నుంచి సముదాయం విస్తరించినప్పుడు, వారిలోని అరుదైన లోపం కూడా వారి సంతతిలో విస్తరిస్తుంది.

మాచర్ల కేంద్రంగా బ్రహ్మనాయుడు చాపకూడు నడిపాడని పల్నాటి వీరచరిత్ర సంప్రదాయం చెబుతుంది. పంక్తిభోజనంలో కులభేదాన్ని తొలగించిన ఆ ప్రయత్నం వివాహవ్యవస్థను మార్చలేదు. జన్యుపటంలో మిగిలేది పొత్తు కాదు, వియ్యం.

శ్వాసకోశ వ్యాధుల్లోనూ ఒకే జన్యువు నిర్ణయించే సందర్భాలు అరుదుగా ఉన్నాయి. తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజాకు గురైన ఒక చిన్నారిలో ఐఆర్‌ఎఫ్7 అనే జన్యువు పనిచేయడం లేదని 2015లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ-లోరాఁ కాసనోవా బృందం వెల్లడించింది. తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి వేరొక లోపం సంక్రమించడంతో ఆ బిడ్డలో ఇంటర్‌ఫెరాన్ హెచ్చరిక సరిగా మోగలేదు. ఇలాంటి అంతర్గత లోపాలు మేనరికపు సంతానంలో బయటపడే అవకాశం ఎక్కువ. ఎందుకంటే తల్లిదండ్రులిద్దరికీ ఒకే పూర్వికుని నుంచి ఒకే లోపం వచ్చి ఉండవచ్చు. మేనరికాలు నేటికీ సాగుతున్న ప్రాంతాల్లో, ఒకే ఇంట పసిబిడ్డలు మళ్లీ మళ్లీ తీవ్రమైన న్యుమోనియాకు గురైతే జన్యు సలహా తీసుకోవడం అవసరం. అయితే అత్యధికుల విషయంలో పలు జన్యువులు ఒక్కొక్కటి కొద్దికొద్దిగా మాత్రమే ప్రభావం చూపుతాయి.

4. మూడవ క్రోమోజోము కథ:

2020 సెప్టెంబరులో హ్యూగో జెబెర్గ్, స్వాంటె పాబో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. కోవిడ్ ముదరడానికి సంబంధమున్న, మూడవ క్రోమోజోములోని సుమారు 50 వేల అక్షరాల భాగం నియాండర్తల్ మానవుల నుంచి సంక్రమించిందని వారు తేల్చారు. దక్షిణాసియాలో సుమారు 50 శాతం మందిలో, ఐరోపాలో 16 శాతం మందిలో ఈ భాగం ఉంది. 2021లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఇందులో ఎల్‌జెడ్‌టీఎఫ్‌ఎల్1 అనే జన్యువు కీలకమని గుర్తించారు. అది అధికంగా పనిచేస్తే ఊపిరితిత్తుల పొర వైరస్‌కు తగినట్లుగా స్పందించడం మందగిస్తుందని, శ్వాస విఫలమయ్యే ముప్పు రెట్టింపవుతుందని వివరించారు. ఈ ప్రభావం రోగనిరోధక వ్యవస్థ మీద కాదు గనుక టీకా వీరికీ పనిచేస్తుందని వారే స్పష్టం చేశారు.

దీనిని బట్టి దక్షిణాసియావారు పుట్టుకతోనే బలహీనులనుకోవచ్చునా? 2021 జూన్‌లో సీసీఎంబీకి చెందిన తంగరాజ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబే బృందం ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో దీనికి భిన్నమైన ఫలితాన్ని ప్రచురించింది. భారతదేశంలోని వివిధ రాష్ట్రాల సంక్రమణ, మరణాల రేట్లను ఈ డీఎన్‌ఏ భాగం విస్తృతితో పోల్చినప్పుడు వాటి మధ్య సంబంధం కనిపించలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాష్ట్రాల సగటులను పోల్చడం వేరు. ఒకే ఆసుపత్రిలోని రోగులను ఒక్కొక్కరిగా పోల్చడం వేరు. కనుక ఈ జన్యుభాగానికి ఏ ప్రభావమూ లేదని కాదు, జనసముదాయాల మధ్య మరణాల తేడాను అది వివరించలేదని గ్రహించాలి.

పైగా నియాండర్తల్ వారసత్వం ఒకవైపే మొగ్గలేదు. 12వ క్రోమోజోములో వారి నుంచే వచ్చిన మరొక భాగం తీవ్ర కోవిడ్ ముప్పును సుమారు 22 శాతం తగ్గిస్తుందని ఆ ఇద్దరు శాస్త్రవేత్తలే 2021లో చూపించారు.

5. ఆ పటంలోని తెలుగువారు ఎవరు?

ఈ జన్యుభాగం ప్రపంచంలో ఎక్కడెంత ఉందో చూపడానికి 1000 జీనోమ్స్ ప్రాజెక్టు సమాచారం ఆధారమైంది. 2015లో ముగిసిన ఆ ప్రాజెక్టులో 26 సముదాయాలకు చెందిన 2,504 మంది జన్యుపటాలున్నాయి. వారిలో తెలుగువారు 102 మంది. వారందరూ బ్రిటన్‌లో స్థిరపడినవారు. కోట్లాదిమంది తెలుగువారికి, వందలాది అంతర్వివాహ సముదాయాలకు, ప్రపంచ పటంలో ప్రతినిధులు ఈ కొద్దిమంది ప్రవాసులే. గురజాల రైతుకూలీ, మాచర్ల అడవి అంచున ఉండే చెంచు కుటుంబం ఆ సగటులో ఎంతవరకు కనిపిస్తారు?

ఈ కొరతను తీర్చే దిశగా సాగినదే జీనోమ్ ఇండియా ప్రాజెక్టు. 83 సముదాయాలకు చెందిన సుమారు 10 వేల మంది జన్యుసమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. సీసీఎంబీ ఇందులో భాగస్వామి.

6. ముప్పు అనే మాటకు అర్థం:

‘ముప్పు రెట్టింపు’ అన్న వార్తను పాఠకుడు ‘వ్యాధి వచ్చి తీరుతుంది’ అని చదువుకొనే ప్రమాదం ఉంది. ఒక వయోవర్గంలో వైరస్ సోకిన 1,000 మందిలో ఐదుగురికి వ్యాధి ముదురుతుందనుకుందాం. రెట్టింపయితే ఆ సంఖ్య పది అవుతుంది. అప్పటికీ 990 మందికి ముదరదు. వయసు తెచ్చే తేడా దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దది. మధుమేహం, పొగాకు, కట్టెల పొయ్యి పొగ కూడా లెక్కలోకి వస్తాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము మధ్య పనిచేసే కార్మికుని ఊపిరితిత్తుల గురించి అడగవలసిన మొదటి ప్రశ్న అతని జన్యువుల గురించి కాదు. నరసరావుపేటలో కేసులు పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ ప్రజల జన్యువులు అవే. మారినవి రద్దీ, రాకపోకలు, జాగ్రత్తలు, తర్వాత టీకాలు.

7. ముగింపు:

• వ్యాధి ముదరడంలో జన్యు వైవిధ్యానికి పాత్ర ఉంది. అది ముప్పును పెంచవచ్చు, తగ్గించవచ్చు. అరుదైన ఏకజన్యు లోపాలను మినహాయిస్తే, అది ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు.

• సముదాయం పేరు జన్యువు పేరు కాదు. ఒక సముదాయంలో ఒక లోపం అధికంగా ఉందన్న సమాచారం వైద్యుని జాగ్రత్తకు ఉపకరించాలి. సామాజిక నిందకు ఆధారం కారాదు.

• తెలుగువారి గురించి నిర్ధారణలు తెలుగు నేలమీది వివిధ సముదాయాల సమాచారం నుంచి రావాలి.

• జన్యువులను మార్చుకోలేము. దుమ్ము, పొగ, ఆలస్యంగా అందే వైద్యం మార్చదగినవి. ‘రక్తంలోనే ఉంది’ అన్న మాట ఈ బాధ్యతను కప్పిపుచ్చకుండా చూడటం, ఈ విషయాన్ని తెలుగులో బోధించేవారి కర్తవ్యం.