ఉన్నత పరిశోధనకు వేతనములు

ఎం.ఏ. గాని, ఎం.ఎస్సీ. గాని ముగించిన బిడ్డ ఇంకను చదివెదనన్నప్పుడు ఇంటి పెద్దకు కలుగు చింత యొక్కటే: ఖర్చెవరు భరింతురు? ఈ ప్రశ్నకు బదులు తెలియక కొందరు చదువు మాన్పింతురు. కొందరు పొలము కుదువబెట్టుదురు. ఈ రెండును గాక మూడవ త్రోవ యొకటి కలదు. దానినే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఋణము వేరు, పరిశోధన వేతనము వేరు. ఋణమును వడ్డీతో తీర్పవలయును. ఫెలోషిప్పు అనబడు పరిశోధన వేతనమో, పరిశోధన చేయువారి గ్రాసవాసములకై నెలనెలా నిచ్చునది. నియమములను పాటించినచో దానిని తిరిగి చెల్లింప నక్కరలేదు.

ఇట్టి సాయమెంత పని చేయునో అంబేద్కరుగారి చరిత్రయే చెప్పును. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడుగారు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతనము మంజూరు చేయగా, ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున జేరిరి. పిదప లండనులో చదువుచుండగా, వేతనపు గడువు తీరుటచే 1917లో చదువును నడుమనే విడిచి మరలి రావలసివచ్చెను. తిరిగి 1920లో గాని పోలేకపోయిరి. కావున వేతనమెంత యని యడుగువారు, అది యెన్నాళ్లని కూడ నడుగవలయును.

మన దేశమున ముఖ్యమైనది జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు. దీనికై నెట్ అను పరీక్ష ఏటికి రెండు మారులు జరుగును. తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రము మొదలగువానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారి పరీక్షయు, విజ్ఞాన శాస్త్రములకు సి.ఎస్.ఐ.ఆర్. వారితో గూడిన పరీక్షయు వేరు వేరుగా గలవు. ఎం.ఏ. వంటి పట్టములో సామాన్యముగా నూటికి 55, వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు, వికలాంగుల కైనచో 50 మార్కులు వచ్చియుండవలయును. వయఃపరిమితి 30 ఏండ్లు. ఈ వర్గములవారికిని, స్త్రీలకును అయిదేండ్ల సడలింపు కలదు. పెండ్లి వలననో, ఇంటి పనుల వలననో చదువు నిలిచిన ఆడుబిడ్డ లున్న పెద్దలు ఈ మాట గుర్తుంచుకొందురుగాక.

పరీక్షలో నెగ్గిన వారందరికిని వేతనము రాదు. పై వరుసలో నున్నవారికే వచ్చును. 2023 జనవరి మొదలు దాని మొత్తము నెలకు రూ. 37,000గా నిర్ణయింపబడెను. రెండేండ్ల పిమ్మట పని తృప్తికరమైనచో రూ. 42,000 అగును. అంతయు కలిపి అయిదేండ్లకు మించదు. వసతిగృహము దొరకనివారికి ఇంటి అద్దె వేరుగా నిత్తురు.

విదేశములకు పోగోరువారికి కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశ విద్యావేతనము కలదు. షెడ్యూల్డు కులములవారు, సంచార జాతులవారు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతిపనివారు దీనికి అర్హులు. కుటుంబపు వార్షికాదాయము ఎనిమిది లక్షలకు మించరాదు. స్థానములు కొలదియే గాని, కళాశాల రుసుము, జీవనవ్యయము, విమానపు ఖర్చు అందుననే లభించును. ఇది గాక, అమెరికా విశ్వవిద్యాలయములు పెక్కు డాక్టరేటు విద్యార్థులకు రుసుము మాఫీచేసి, బోధనలో గాని పరిశోధనలో గాని తోడ్పడినందుకు జీతమిచ్చును. ఎం.ఎస్. చదువునకు సామాన్యముగా నట్టి యేర్పాటుండదు. పొలము కుదువబెట్టుటకు ముందు ఈ భేదమును విచారింపుడు.

వేతనములతో గొన్ని యిబ్బందులును గలవు. విద్యార్థి పని చేయుచున్నాడని విశ్వవిద్యాలయము ధ్రువపరుప జాప్యమైనచో సొమ్ము నిలిచిపోవును. అందుచే మూడునాలుగు నెలల ఖర్చును చేతనుంచుకొనుట మేలు. కులాదాయ ధ్రువపత్రములు గడువునకు ముందే సిద్ధపరుపవలయును. పత్రము లేక తప్పిపోయిన అవకాశము మరుసటి యేటికి గాని రాదు. వేతన మిప్పింతునను మధ్యవర్తికి కాసైన నియ్యవలదు. దరఖాస్తు రుసుము తప్ప వేరు చెల్లింపు లేదు.

మీ యూర పట్టము పుచ్చుకొనిన బిడ్డ యున్నచో, చాలించుమనుటకు ముందు ఒక్కమారు అడుగుడు: నెట్ పరీక్షకు దరఖాస్తు పెట్టితివా? లేదన్నచో, పెట్టునట్లు చూచుట పెద్దలైన మీ వంతు.