పాత కారు మేలా, క్రొత్త కారు మేలా? బలమును తూచు విధము

వేగము కొరకు నిర్మింపబడిన కారు పాతబడి, అదే పేరుతో క్రొత్త కారు వచ్చినపుడు, రెండింటిలో ఏది మేలైనదను చర్చ పుట్టుట సహజము. పాతదానిని మెచ్చువారు దాని చురుకుదనమును చెప్పుదురు. క్రొత్తదానిని మెచ్చువారు దాని అశ్వశక్తిని చూపుదురు. క్రొత్తదానిలో పెట్రోలు రకము, డీజిలు రకము రెండును ఉన్నచో ఈ తగవు మరింత ముదురును. ఇది కేవలము అభిరుచికి సంబంధించిన తగవు కాదు. కొనువాని ధనము, ప్రయాణము చేయువారి క్షేమము, దారి ప్రక్కన నివసించువారు పీల్చు గాలి దీనితో ముడివడి యున్నవి. భౌతికశాస్త్రములోని కొలది సూత్రముల సాయముతో దీనిని చాలవరకు తేల్చవచ్చును.

మూడు కార్లు

ఉదాహరణకు జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారును తీసికొందము. ఇది సామాన్య కుటుంబముల కొరకు చేయబడిన చిన్న కారు. దీనిలో బలమైన ఇంజనును అమర్చి రూపొందించిన జి.టి.ఐ. అను రకమును 1975లో ఫ్రాంక్‌ఫర్టు మోటారు ప్రదర్శనలో మొదట చూపిరి. 1976లో అది అమ్మకమునకు వచ్చినది. 5,000 కార్లు చేసిన చాలునని మొదట తలచిరి. కాని ఆ తొలి తరములోనే 4,60,000కు పైగా తయారైనవి. ఈ కారు ఆరవ తరము 2009లో వచ్చినది. అదే సంవత్సరమున, అదే ఆకృతిలో, జి.టి.డి. అను డీజిలు రకము కూడ వెలువడినది.

1976 నాటి పాత జి.టి.ఐ. ఇంజను 1.6 లీటర్లది. నిమిషమునకు 6,100 చుట్లు తిరుగునపుడు అది 110 అశ్వశక్తి, అనగా 81 కిలోవాట్లు ఇచ్చును. కారు బరువు సుమారు 810 కిలోలు. 2009 నాటి జి.టి.ఐ.లో 2 లీటర్ల పెట్రోలు ఇంజను 155 కిలోవాట్లు ఇచ్చును. జి.టి.డి.లోని 2 లీటర్ల డీజిలు ఇంజను ఇచ్చునది 125 కిలోవాట్లు. ఈ రెండు క్రొత్త కార్ల బరువును 1,300 కిలోలకు పైమాటే. లెక్క సులభమగుటకు రెండింటికిని 1,350 కిలోలని అనుకొందము.

నిశ్చలస్థితినుండి గంటకు 100 కిలోమీటర్ల వేగమును అందుకొనుటకు పాత కారునకు దాదాపు 9 సెకన్లు పట్టును. క్రొత్త పెట్రోలు కారునకు 6.9 సెకన్లు, డీజిలు కారునకు 8.1 సెకన్లు పట్టును.

బరువును లెక్కలోనికి తీసికొనుట

ఇంజను సామర్థ్యమును మాత్రమే చూచినచో క్రొత్త పెట్రోలు కారు పాతదానికి దాదాపు రెట్టింపు బలము కలది. కాని వేగము పెరుగుట ఆ సామర్థ్యము ఎంత బరువును లాగవలెనను దానిపై ఆధారపడి యుండును. కనుక టన్నుకు ఎన్ని కిలోవాట్లు వచ్చుచున్నవో చూడవలెను. పాత కారునకు ఇది సరిగా 100. క్రొత్త పెట్రోలు కారునకు 115. డీజిలు కారునకు 93 మాత్రమే. రెట్టింపు అనుకొన్న ఆధిక్యము పదునైదు శాతమునకు దిగినది. అశ్వశక్తి ఎక్కువగల డీజిలు కారు ఈ లెక్కలో పాతదానికంటె వెనుకబడినది. పాత కారును నడిపినవారు దాని చురుకుదనమును పొగడుట వట్టి మమకారము కాదని దీనివలన తెలియుచున్నది.

అయితే కారు ఒంటరిగా నడువదు. నలుగురు మనుష్యులను, వారి సామానులను కలిపి 300 కిలోలు ఎక్కించినచో ఏమగునో చూడుడు. పాత కారునకు టన్నుకు 73 కిలోవాట్లే మిగులును. క్రొత్త పెట్రోలు కారునకు 94, డీజిలు కారునకు 76 ఉండును. తేలిక బండికి అదే భారము ఎక్కువ వంతు అగును. అందువలన దాని ఆధిక్యము త్వరగా తరుగును. ఒంటరిగా నడుపుకొనువానికి పాత కారు చూపిన మేలు కుటుంబముతో ఘాటురోడ్డు ఎక్కువానికి కనబడదు.

టార్కు వలన కలుగు భ్రమ

డీజిలు కారును మెచ్చువారు సాధారణముగా టార్కును ముందునకు తెత్తురు. టార్కు అనగా ఇంజను తన ఇరుసును త్రిప్పు బలము. దానిని న్యూటన్-మీటర్లలో కొలుతురు. పాత జి.టి.ఐ.కి ఇది సుమారు 140. క్రొత్త పెట్రోలు కారునకు 280. డీజిలు కారునకు 350. టార్కే వేగమును నిర్ణయించునదైనచో డీజిలు కారు అన్నిటికంటె ముందుండవలెను. కాని పెట్రోలు కారే ముందు పోవుచున్నది. దీనికి కారణమేమి?

బావినుండి నీరు తోడు ఇద్దరు మనుష్యులను ఊహింపుడు. ఒకడు పెద్ద బొక్కెనతో నెమ్మదిగా తోడును. రెండవవాడు చిన్న బొక్కెనతో వడివడిగా తోడును. తొట్టి ఎవరు ముందు నింపుదురన్నది బొక్కెన పరిమాణమును బట్టి మాత్రమే తేలదు. నిమిషమునకు ఎన్ని బొక్కెనలు తోడుచున్నారో కూడ లెక్కింపవలెను. టార్కు బొక్కెన వంటిది. ఇంజను చుట్లు తోడుల సంఖ్య వంటివి. ఈ రెండింటి గుణకారమునుండి వచ్చునదే సామర్థ్యము.

డీజిలు ఇంజను తన గరిష్ఠ సామర్థ్యమును 4,200 చుట్ల వద్ద ఇచ్చును. పెట్రోలు ఇంజను 5,300 మొదలు 6,200 చుట్ల వరకు ఇచ్చును. వడిగా తిరుగు ఇంజనునకు గేరు పండ్ల చక్రములద్వారా చుట్లను తగ్గించి, చక్రము వద్ద బలమును పెంచుకొను వీలు ఎక్కువ. నెమ్మదిగా తిరుగు ఇంజనునకు ఆ వీలు తక్కువ. కాబట్టి ఇంజను వద్ద కనబడిన 350 న్యూటన్-మీటర్ల ఆధిక్యము చక్రము వద్దకు వచ్చునప్పటికి కరగిపోవును. ఒక వేగమున చక్రము నేలను ఎంత బలముతో నెట్టగలదో తెలియవలెనన్నచో, సామర్థ్యమును ఆ వేగముచే భాగించిన చాలును. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగమున, రాపిడి నష్టములను విడిచిపెట్టినచో, పెట్రోలు కారు గరిష్ఠముగా 7,750 న్యూటన్లతోను, డీజిలు కారు 6,250 న్యూటన్లతోను నెట్టగలవు.

గరిష్ఠము వేరు, సగటు వేరు

ఇక్కడ మరియొక సందేహము కలుగును. టన్నుకు 93 కిలోవాట్లే కల డీజిలు కారు, 100 కిలోవాట్లు కల పాత కారును ఎట్లు మించినది? చోదకుని బరువును కలిపినచో ఈ అంతరము కొంత తగ్గునుగాని తీరదు. అసలు కారణము, గరిష్ఠ సామర్థ్యము ఒకానొక చుట్ల వద్ద మాత్రమే లభించుట. గేరు మార్చిన ప్రతిసారి ఇంజను చుట్లు పడిపోవును. ఆ పడిన చోట ఎంత సామర్థ్యము మిగిలినదన్నదే ముఖ్యము.

జి.టి.డి.లో పూర్తి టార్కు 1,750 చుట్ల నుండి 2,500 చుట్ల వరకు నిలుచును. 2,500 చుట్ల వద్ద సామర్థ్యము 92 కిలోవాట్లు; ఇది దాని గరిష్ఠములో 73 శాతము. పాత ఇంజను చుట్లు అదే నిష్పత్తిలో, అనగా సుమారు 3,650కి, తగ్గినపుడు దాని టార్కు పూర్తిగా నిలిచినదని అనుకొన్నను 54 కిలోవాట్లకు మించదు. అది గరిష్ఠములో 66 శాతము. పైగా మొదటి జి.టి.ఐ.కి నాలుగు గేర్లే, క్రొత్తవానికి ఆరు. మెట్లు దూరదూరముగా ఉన్నచో ప్రతి మార్పునకును చుట్లు ఎక్కువ పడిపోవును.

ఈ తేడాను తెచ్చినది టర్బో అను పరికరము. ఇంజను బయటికి వదలు వేడి వాయువులు చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రము మరియొక చక్రమును త్రిప్పి సిలిండర్లలోనికి గాలిని ఒత్తి పంపును. వృథాగా పోవు శక్తిలో కొంత ఇట్లు పనికి వచ్చును. 1982లో వచ్చిన మొదటి గోల్ఫ్ జి.టి.డి.కి కూడ టర్బో ఉండెనుగాని, దాని ఇంజను ఇచ్చినది 70 అశ్వశక్తి మాత్రమే. 2009 నాటి రకములో అది 170కి పెరిగినది. ఇంధనమును అత్యధిక పీడనముతో, సూక్ష్మముగా చిమ్ము పద్ధతులు వచ్చుటయు ఈ పెరుగుదలకు కారణము.

బరువునకు చెల్లించు వెల, బరువు ఇచ్చు రక్షణ

కారు కదలునపుడు దానిలోని గతిజశక్తి బరువుతోపాటు పెరుగును. 75 కిలోల చోదకునితో గంటకు 100 కిలోమీటర్ల వేగమున పాత కారు గతిజశక్తి సుమారు 341 కిలోజౌళ్లు. క్రొత్తవానిది సుమారు 550 కిలోజౌళ్లు. ఆగిన ప్రతిసారి ఈ శక్తి అంతయు బ్రేకులలో వేడిగా మారిపోవును. మరల బయలుదేరునపుడు ఇంధనమునుండి తిరిగి సంపాదింపవలెను. ఆగుచు సాగుచు నడచు పట్టణ వీథులలో బరువైన కారునకు ఇది పెద్ద వెల.

అయితే ఆ బరువు వట్టి భారము కాదు. తలుపులలోని ఉక్కు దూలములు, గాలిసంచులు పాత కారులో లేవు. 2009లో యూరో ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టించి పరీక్షించినపుడు ఆరవ తరపు గోల్ఫ్ 5 నక్షత్రములను పొందినది. 900 కిలోల కారు, 1,400 కిలోల కారు ఒక్కొక్కటి గంటకు 50 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగా ఢీకొని అతుకుకొనినవనుకొందము. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రము ప్రకారము బరువైన కారు వేగములో మార్పు సుమారు 39 కిలోమీటర్లు. తేలిక కారు వేగములో మార్పు 61 కిలోమీటర్లు. లోపలనున్న మనుష్యులకు తగులు దెబ్బ ఈ మార్పును అనుసరించియే యుండును. తేలిక కారునందున్నవారు ఇతరుల బరువునకు కూడ వెల చెల్లింపవలసి వచ్చుచున్నది.

లీటరుతో కొలుచుటలో చిక్కు

తయారీదారు ప్రకటించిన కొలతల ప్రకారము 100 కిలోమీటర్లకు 2009 నాటి పెట్రోలు కారు 7.3 లీటర్లు, డీజిలు కారు 5.3 లీటర్లు త్రాగును. డీజిలు ఆదా 27 శాతమని తోచును. కాని రెండు ద్రవముల లీటర్లు సమానములు కావు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి యున్నచో, లీటరు డీజిలులో సుమారు 36 ఉండును. శక్తి లెక్కన ఆదా 18 శాతమే. బొగ్గుపులుసు వాయువు లెక్కయు ఇంతే: 100 కిలోమీటర్లకు పెట్రోలు కారు 17 కిలోలు, డీజిలు కారు సుమారు 14 కిలోలు వదలును.

ఈ 18 శాతము మాత్రము నిజమైన లాభమే. డీజిలు ఇంజనులో గాలిని సుమారు 16 వంతులకు నొక్కుదురు. పెట్రోలు ఇంజనులో సుమారు 10 వంతులకే. ఎక్కువగా నొక్కిన వాయువు మండి వ్యాకోచించునపుడు వేడిలో ఎక్కువ భాగము పనిగా మారును.

పొగ సంగతి

పాత కారులో పొగను శుద్ధిచేయు ఉత్ప్రేరకము లేదు. దానినుండి కార్బన్ మోనాక్సైడు, మండని ఇంధనపు ఆవిరి, నత్రజని ఆక్సైడులు నేరుగా బయటికి వచ్చును. క్రొత్త పెట్రోలు కారులో త్రివిధ ఉత్ప్రేరకము ఈ మూడింటిని ఒకేసారి చాలవరకు హరించును. ఇంధనమునకు సరిపడినంత గాలియే ఉన్నపుడు మాత్రమే అది చక్కగా పనిచేయును. డీజిలు ఇంజనులో గాలి ఎప్పుడును అధికముగా నుండును. మిగిలిన ప్రాణవాయువు నత్రజని ఆక్సైడులను విడగొట్టుటకు అడ్డుపడును. మసిని పట్టుటకు జల్లెడ కావలెను.

ఈ కష్టమే పెద్ద అపకీర్తికి దారితీసినది. పరీక్ష జరుగుచున్నపుడు మాత్రమే వాయువులను అదుపులో నుంచి, రోడ్డుపై విడిచిపెట్టు ఉపాయము డీజిలు కార్లలో ఉన్నదని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ప్రకటించినది. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షల కార్లకు ఇది సంబంధించినదని ఫోక్స్‌వాగన్ సంస్థ ఒప్పుకొన్నది. 2009 నాటి జి.టి.డి. ఇంజను ఆ కుటుంబమునకు చెందినదే. డీజిలు కారు యొక్క మేలును కాగితముపైని అంకెలతో మాత్రమే నమ్మరాదని ఇది నేర్పినది. భారతదేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి-6 నియమములు డీజిలు కార్ల నత్రజని ఆక్సైడులను కిలోమీటరునకు 80 మిల్లీగ్రాములకు పరిమితము చేసినవి.

ఎవరికి ఏది?

ఈ లెక్కలను కలిపి చూచినచో తీర్పు వాడుకను బట్టి మారును. సెలవుదినములందు ఒంటరిగా, కొలది దూరము నడుపుకొనువానికి పాత కారు తేలికతనము నిజమైన ఆనందము; యంత్రము సరళమైనది గనుక మరమ్మతు తెలిసినవాడు దానిని చక్కగా నిలుపుకొనగలడు. అయితే రబ్బరు గొట్టములు, బ్రేకులు, అడుగు రేకు తుప్పు పరీక్షింపక వేగముగా నడుపుట ప్రమాదకరము. భారముతో ప్రతిదినము దూరప్రయాణము చేయువానికి డీజిలు కారు ఇంధనమును మిగుల్చును. ఊరిలోనే చిన్న చిన్న ప్రయాణములు చేయువానికి అది తగదు. జల్లెడలో చేరిన మసి కాలిపోవుటకు కావలసిన వేడి అట్టి ప్రయాణములలో పుట్టదు, జల్లెడ మూసుకొనిపోవును. రెండు విధముల వాడుకయు ఉన్న కుటుంబమునకు క్రొత్త పెట్రోలు కారు తగినది. ఇంధనపు ఖర్చు మాత్రము భరింపవలెను.

కావున కారు కొనువాడు అశ్వశక్తి అంకెను, టార్కు అంకెను విడివిడిగా చూచి మోసపోరాదు. ఆ బలము ఎంత బరువును లాగవలెను, ఎన్ని చుట్ల మధ్య నిలుచును, ఎంత శక్తిని తిని ఎట్టి పొగను వదలును అను మూడు ప్రశ్నలను వరుసగా వేసికొనవలెను. తాను మోయు భారమును, పోవు దూరమును ఆ లెక్కలో చేర్చుకొన్నచో తనకు తగిన కారు ఏదియో తానే తేల్చుకొనగలడు.