వకాలతు నుండి పదవీత్యాగం దాకా: కొండా లక్ష్మణ్ బాపూజీ

వాంకిడి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని ఊరు. ఆ వాంకిడిలో, పద్మశాలి కుటుంబంలో 1915 సెప్టెంబర్ 27న కొండా లక్ష్మణ్ బాపూజీ జన్మించారు. హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడిన ఆయనకు కోర్టు, ఉద్యమం వేర్వేరు రంగాలు కావు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమికై పోరాడిన చాకలి ఐలమ్మ పక్షాన వాదించారు. 1947 డిసెంబర్ 4న నారాయణరావు పవార్ నిజాం కారుపై బాంబు విసిరిన కేసులో ఆయనే నిందితుడయ్యారు.

1952లో ఆసిఫాబాద్ నుండి హైదరాబాద్ శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతిగా, మంత్రిగా పనిచేశారు. చేనేత సహకారోద్యమంలో ఆయన పాత్రకు ప్రత్యేక అధ్యయనమే అవసరం.

1969లో మంత్రి పదవికి చేసిన రాజీనామాను కేవలం ఉద్వేగంగా భావించడం సరికాదు. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్నదే నాటి తెలంగాణ ఉద్యమపు ప్రధాన ఆరోపణ. ఒప్పందాన్ని ఉల్లంఘించిన పక్షాన నిలవడానికి ఒక న్యాయవాది నిరాకరించడంగా ఆ రాజీనామాను అన్వయించుకోవచ్చు. తెలంగాణ ప్రజాసమితి 1971లో కాంగ్రెస్‌లో విలీనమైంది; బాపూజీ మాత్రం ప్రత్యేక రాష్ట్ర వాదాన్ని విడువలేదు. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి ఆవిర్భవించినది హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న ఆయన నివాసం జలదృశ్యంలోనే. 2012 సెప్టెంబర్ 21న ఆయన మరణించారు. రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడింది.