మందు రాయరు, మాట వింటారు

పెద్దాసుపత్రి మానసిక విభాగంలో కాగితాలు పట్టుకుని కూర్చున్న కుర్రవాళ్లను చూసి "వీళ్లకేం తెలుసు" అని కొందరు నోరు విప్పరు. వీరు మనస్తత్వశాస్త్రం చదివి, రోగుల వద్ద పని నేర్చుకుంటున్నవారు. మన దేశంలో ఈ శిక్షణ 1955లో బెంగుళూరులో, నేటి నిమ్హాన్స్‌లో మొదలైంది. సీనియర్ల పర్యవేక్షణలో ఆసుపత్రి శిక్షణను క్లినికల్ సైకాలజిస్టు అర్హతలో 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కూడా చేర్చింది. మందులు రాయడం మాత్రం సైకియాట్రిస్టు పని.

బుద్ధి ఎదగని బిడ్డను తీసుకువెళితే వీరు అడిగేవి చిన్న ప్రశ్నలే. అన్నం తనంతట తింటాడా? చొక్కా గుండీలు పెట్టుకుంటాడా? వీధి చివరి కొట్టుకు ఒంటరిగా వెళ్లి వస్తాడా? నామోషీపడి తల్లి రానిది వచ్చని చెబితే లెక్క తప్పుతుంది. వైకల్య ధ్రువపత్రానికి ఆ లెక్కే ఆధారం. పింఛనుకు ఆ పత్రం కావాలి. శిక్షణార్థి వేసిన లెక్కను సీనియరు సరిచూడవలసిందే.

రోగి చెప్పుకున్న సంగతులు బయటికి పొక్కరాదని కూడా అదే చట్టంలో ఉంది. అయితే అత్తగారినీ, తోడు వచ్చిన ఊరివాళ్లనూ గదిలోనే ఉంచి ఇంటి గుట్టు చెప్పమంటే ఏ కోడలు చెబుతుంది? వారిని కాసేపు బయట కూర్చోబెట్టమని ఆమె అడగవచ్చు. అడగకముందే తలుపు దగ్గరకు వేయడం శిక్షణకు వచ్చినవారు నేర్వవలసిన మొదటి పని.