క్లెమెంటి పట్టాలు, పొగబండ్ల నమూనాలు, మన బెంగ

క్లెమెంటి అనగానే నేటి సింగపూరు వాసులకు మెట్రో స్టేషను, బస్సుల ఇంటర్‌ఛేంజి, వరుసగా నిలిచిన గృహసముదాయాలు గుర్తుకు వస్తాయి. చిన్న రైళ్ల నమూనాలు, పాత బస్సుల బొమ్మలు సేకరించే ఔత్సాహికులు మాత్రం ఈ ఊరిని మరొక కారణముచేత తలచుకుంటారు. ఇక్కడ ఒకప్పుడు మీటర్ గేజ్ రైలుమార్గం ఉండేది. దాని గుర్తులు నేటికీ చెట్ల నడుమ మిగిలి ఉన్నాయి. ఈ వ్యాసంలో ఆ మార్గమును గురించి, నమూనాలు చేసేవారి లెక్కలను గురించి, వారి బెంగకు మన తోటల చరిత్రతో గల సంబంధమును గురించి వివరింపదలచినాము.

ముందుగా ఒక మాట. గడచిన కాలంపై కలిగే తీపి నొప్పికి పుస్తకాలలో గతస్మృతి వంటి పదాలు కనిపిస్తాయి. మన ఇళ్లలో దానికి ఎప్పటినుండో ఉన్న మాట బెంగ. దూరమైన ఊరిపై బెంగ, తల్లిపై బెంగ, పోయిన రోజులపై బెంగ. తెలుగు మరల నేర్చుకొనుచున్న మీరు ఈ మాటను మొదట గుర్తుంచుకోవలెనని మా కోరిక.

క్లెమెంటిలోని రైలు

సింగపూరులో మొదటి రైలుమార్గం 1903లో క్రాంజీ వరకు తెరువబడింది. 1923లో జొహోర్ కాజ్‌వే మీదుగా రైళ్లు నడవడం మొదలయ్యాక ఈ దీవి మలయా రైలుమార్గాలతో నేరుగా కలిసింది. తరువాత మార్గమును బుకిట్ తీమా మీదుగా మళ్లించి, తాంజోంగ్ పగార్ వద్ద పెద్ద స్టేషను కట్టారు. 1932 మే నెలలో ఆ స్టేషనును ప్రారంభించిన గవర్నరు సర్ సెసిల్ క్లెమెంటి. మన వ్యాసంలోని ఊరి పేరు, ఆయన పేరు ఒక్కటే.

1960లలో జురోంగ్ పారిశ్రామికవాడకు సరుకులు చేర్చుటకై బుకిట్ తీమా స్టేషను నుండి ఒక శాఖామార్గం వేశారు. అది క్లెమెంటి ప్రాంతం గుండా సాగింది. 1990ల నాటికి ఆ శాఖపై రాకపోకలు నిలిచిపోయాయి. ఉలు పాండన్ కాలువపై దాని ఇనుప వంతెన, సన్‌సెట్ వే సమీపమున ఒక చిన్న సొరంగం మిగిలాయి. ఫొటోలు తీసేవారు, నమూనాల కొరకు కొలతలు రాసుకొనేవారు అక్కడికి వెళ్లడం ఆచారమైంది.

ప్రధానమార్గంపై రైళ్లు 2011 జూన్ 30 వరకు నడిచాయి. ఆ రాత్రి తాంజోంగ్ పగార్ నుండి బయలుదేరిన చివరి రైలును జొహోర్ సుల్తాను స్వయముగా నడిపారు. తరువాత పట్టాలలో అధిక భాగం తొలగించారు. దాదాపు 24 కిలోమీటర్ల ఆ దారి నేడు నడకదారి. బుకిట్ తీమా స్టేషను భవనమును కాపాడి, 2022లో ప్రజలకు తిరిగి తెరిచారు.

ఆవిరి ఇంజన్లు అంతకు చాలా ముందే వెళ్లిపోయాయి. మలయా రైల్వేలో డీజిల్ ఇంజన్లు 1950ల చివర విరివిగా రాసాగాయి. 1970ల తొలినాళ్లకు ఆవిరి ఇంజన్ల కాలం ముగిసింది. కనుక నేడు ఆవిరి ఇంజనుపై బెంగపడే యువకులలో చాలామంది దానిని పనిలో చూసినవారు కారు. తాతలు చెప్పగా విన్నవారు, నలుపు తెలుపు చిత్రాలు చూసినవారు మాత్రమే. తెలుగును ఇంట వినికిడిగా ఎరిగి, నోట పలుకలేని మన పిల్లల స్థితి కూడ ఇటువంటిదే. తాము అనుభవింపని దానిపై కలిగిన బెంగ అబద్ధము కాదు. అది వారసత్వముగా వచ్చిన బెంగ.

నిప్పుబండి, పొగబండి

రైలును ఏ భాషవారు ఏమని పిలిచారో గమనించండి. మలయు భాషలో 'కెరెత ఆపి' అంటారు, అనగా నిప్పుబండి. చీనా భాషలో 'హువో చ' అన్నా నిప్పుబండియే. తమిళులు 'పుగైవండి' అన్నారు. మనవారు 'పొగబండి' అన్నారు. పండితులు 'ధూమశకటం' అన్నారు. ధూమము అనగా పొగ, శకటము అనగా బండి. ఒకే యంత్రంలో కొందరు నిప్పును చూశారు, కొందరు పొగను చూశారు. సింగపూరు వీథిలో ఈ నాలుగు మాటలు ఒకేసారి వినబడిన రోజులు ఉండేవి.

ఈ యంత్రం పనిచేయు తీరు సులభంగా చెప్పవచ్చు. కొలిమిలో కట్టెలు, బొగ్గు లేదా నూనె మండుతుంది. ఆ వేడికి పెద్ద పీపాలోని నీరు ఆవిరి అవుతుంది. పీడనముతో కూడిన ఆవిరి గొట్టం గుండా వచ్చి ముషలకమును ముందుకు వెనుకకు తోస్తుంది. ముషలకమునకు కట్టిన కడ్డీ చక్రమును త్రిప్పుతుంది. పని ముగిసిన ఆవిరి పొగగొట్టం గుండా విసురుగా వెలువడినప్పుడు కలిగేదే ఆ చుక్ చుక్ ధ్వని. మలయాలో సెలంగోర్‌లోని బాతు ఆరంగ్ గనుల బొగ్గును ఈ కొలిములలో వాడేవారు.

నమూనాల లెక్క

నమూనా అనగా పెద్ద వస్తువునకు చిన్న ప్రతిరూపం. ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే నిష్పత్తిని స్కేలు అంటారు. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే హెచ్ఓ స్కేలులో నమూనా అసలు వస్తువులో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య ఎడమును గేజి అంటారు. మలయా రైలుకు ఆ ఎడము ఒక మీటరు, అనగా 1000 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే దాదాపు 11.5 వస్తుంది. కనుక మలయా రైలును ఈ స్కేలులో చేసేవారు 12 మిల్లీమీటర్ల పట్టాలు వాడుతారు. అంగడిలో సులభంగా దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు ఐరోపాలోని వెడల్పు మార్గాలకు తగినవి. వాటిపై మన రైలును నిలిపితే చూడటానికి కాళ్లు ఎడముగా పెట్టి నిలుచున్నట్లుంటుంది.

బస్సుల విషయంలో మరొక చిక్కు ఉంది. బ్రిటిషు పద్ధతిలో చేసిన లోహపు బస్సు నమూనాలు సాధారణముగా 76వ వంతు కొలతలో ఉంటాయి. రెండున్నర మీటర్ల వెడల్పుగల బస్సు ఆ లెక్కన 33 మిల్లీమీటర్లు అవుతుంది. 87వ వంతులో అయితే 29 మిల్లీమీటర్లే. అందువలన ఒకే పలకపై రైలును, బస్సును పక్కపక్కన పెడితే బస్సు కొంచెం పెద్దదిగా తోస్తుంది. నేర్పరులు బస్సును ముందువైపున, రైలును వెనుకవైపున ఉంచుతారు. దగ్గరి వస్తువు పెద్దదిగా కనిపించుట సహజమే కనుక కన్ను మోసపోతుంది.

సింగపూరులో ఈ సేకరణకు ప్రత్యేకమైన ఊపు ఉంది. 1971లో అనేక చీనా బస్సు కంపెనీలు మూడుగా కలిశాయి. 1973లో ఆ మూడు కలిసి సింగపూర్ బస్ సర్వీస్ ఏర్పడింది. 1977లో లేలాండ్ అట్లాంటియన్ రెండంతస్తుల బస్సులు రోడ్డెక్కాయి. ప్రజారవాణా బస్సు ఇక్కడ నిర్ణీత గడువుకు మించి నడవరాదన్న నియమం ఉంది. ఎంత గట్టి బస్సయినా గడువు తీరగానే వెళ్లిపోవలసిందే. చిన్ననాడు పాఠశాలకు ఎక్కిన బస్సు ఉద్యోగంలో చేరేనాటికి తుక్కు అవుతుంది. ఈ ఊరిలో బస్సు నమూనాలపై ఇంత మక్కువ కలుగుటకు ఇది ఒక కారణమని మేము తలుస్తాము. 1988 మార్చిలో క్లెమెంటికి మెట్రో వచ్చిన తరువాత పాత బస్సుదారులు కూడ మారిపోయాయి.

మన గట్టుమీది బండ్లు

ఇదే బెంగ తెలుగునేలపై కూడ ఉంది. తాంజోంగ్ పగార్ తెరిచిన 1932లోనే, జూన్ నెలలో, హైదరాబాదు సంస్థానంలో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైంది. రైలు కంపెనీయే బస్సులు నడిపింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి 'దక్కన్ క్వీన్' అను పేరుతో హైదరాబాదులో భద్రపరచబడింది. ఆర్టీసీ చరిత్ర ఈ బస్సులతోనే మొదలవుతుంది.

మన పూర్వులలో అనేకులు బయలుదేరిన శ్రీకాకుళం సీమలో నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. దాని గేజి 762 మిల్లీమీటర్లు మాత్రమే. 87తో భాగిస్తే 9కి దగ్గరగా వస్తుంది. ఎన్ స్కేలు కొరకు అమ్మే 9 మిల్లీమీటర్ల పట్టాలు దీనికి చక్కగా సరిపోతాయి. అదే సంవత్సరం రాజమహేంద్రవరం వద్ద గోదావరిపై 56 ఖానాల వంతెన తెరువబడింది. అంతకుముందు ఉత్తరాది జిల్లాలనుండి మదరాసుకు పోవువారు గోదావరిని పడవలో దాటవలసి వచ్చేది. వంతెన వచ్చిన తరువాత కంగాణి వెంట బయలుదేరిన కూలీకి ఓడరేవు వరకు రైలుదారి ఏర్పడింది. అక్కడ ఓడ, ఓడ దిగిన తరువాత మరల రైలు, ఆ పిమ్మట తోట. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత మనవారి విషయంలో అక్షరాల జరిగింది.

తోటలలో కూడ చిన్న పట్టాలు ఉండేవి. దిగువ పేరాక్‌లోని పామాయిలు తోటలలో గెలలను మిల్లుకు చేర్చుటకు 700 మిల్లీమీటర్ల గేజిగల రైళ్లను వాడారు. ఆ పట్టాలు వేసినవారు, గెలలు ఎక్కించినవారు కూలి లైన్లలో నివసించిన మనవారు, తమిళులు.

నమూనాలో లేని మనుషులు

ఇక్కడ ఒక బరువైన విషయం చెప్పవలసి ఉంది. నమూనాల లోకంలో జపాను వారి సి56 అను ఆవిరి ఇంజను ప్రసిద్ధమైనది. ఎన్ స్కేలులో దాని నమూనాలు అందముగా ఉంటాయి. యుద్ధకాలంలో ఇటువంటి ఇంజన్లను 90 వరకు మీటర్ గేజికి మార్చి ఆగ్నేయాసియాకు పంపారు. అవి నడిచినది సయాం-బర్మా రైలుమార్గంపై. 1942, 1943 సంవత్సరాలలో 415 కిలోమీటర్ల ఆ దారిని అడవిలో తొలిచారు. అందుకు కావలసిన పట్టాలలో కొన్నిటిని మలయా తూర్పుతీరపు మార్గం నుండి పెకలించి తీసుకుపోయారు. పట్టాలతోపాటు మనుషులను కూడ తీసుకుపోయారు. తోటలనుండి వెళ్లిన తమిళులు, తెలుగువారు, ఇతరులు వేలకు వేలు తిరిగి రాలేదు. ఆసియా కూలీలలో మరణించినవారు 90 వేల వరకు ఉందురని చరిత్రకారుల అంచనా. యుద్ధఖైదీలకు సమాధులు, పేర్లు, పుస్తకాలు ఉన్నాయి. మన కూలీలలో అధికులకు సమాధి లేదు, పేరు రాసిన రాయి లేదు.

కనుక ఇంజను కూతపై బెంగ అందరికీ ఒక్కలాగ ఉండదు. ఆ కూత కొందరికి సెలవుల ప్రయాణం. కొన్ని ఇండ్లలో అది తాత వెళ్లిపోయిన రోజు. నమూనాలు చేయవద్దని మేము అనము. అభిరుచి గలవారు కాపాడకపోతే ఎన్నో వంతెనలు, స్టేషనులు, బస్సులు నామరూపాలు లేకుండ పోయి ఉండేవి. అయితే నమూనాలో ఎవరిని నిలుపుతున్నామో చూసుకోవలెను. 87వ వంతులో మనిషి 20 మిల్లీమీటర్ల బొమ్మ. అంగడిలో దొరికే బొమ్మలు ఐరోపా ప్రయాణికులవి: టోపీలు, కోటులు, తోలుపెట్టెలు. మన స్టేషను నమూనాలో కొంగు నడుమున దోపిన స్త్రీ, పాలబకెట్టు మోసే రబ్బరు కూలీ, పట్టాల కింద కంకర సర్దే గ్యాంగు మనిషి లేకపోతే ఆ స్టేషను ఖాళీయే. సన్నని కుంచె, నాలుగు రంగులు ఉంటే ఆ బొమ్మలను మనమే మార్చుకోవచ్చు.

భాష విషయంలో కూడ ఇదే పని చేయవచ్చు. రైలుతో బ్రతికినవారి నోట పట్టాలు, పెట్టె, కూత, బొగ్గు, గార్డు, గేటు వంటి మాటలు నిలిచాయి. పని మొదలైతే 'పట్టాలెక్కింది' అంటాము. చెడితే 'పట్టాలు తప్పింది' అంటాము. పాత్రను నిఘంటువు చెప్పగలదు గాని, ఆ పాత్రను మోసిన చేతిని చెప్పలేదు. మీ ఇంట అవ్వ గాని తాత గాని ఉంటే ఒక బస్సు బొమ్మను, ఒక రైలు చిత్రమును వారి ముందుంచండి. ఏ బస్సు ఎక్కినారు, చీటీ ఎంత, ఎవరితో వెళ్లినారు, రైలు దిగి తోటకు ఎట్లు నడిచినారు అని అడగండి. వారు వాడిన మాటలను వాడినట్లే రాసుకోండి, సరిదిద్దవద్దు. వంతెనను కొలిచేవారు తుప్పును కూడ లెక్కలోకి తీసుకుంటారు. వారి పలుకులోని యాసను మీరు కూడ అట్లే ఉంచండి.