పడుగు తెగితే తప్పెవరిది? సైజింగు మిషను మీద రెండు మోటార్ల పేచీ

సిరిసిల్ల: సాంచా మీద పడుగు పోగులు పదే పదే తెగుతుంటే నేత కార్మికునికి కూలి గిట్టదు. తెగిన ప్రతిసారీ సాంచా ఆపాలి, కొస వెతకాలి, అచ్చులోంచి తీసి ముడి వేయాలి, మళ్లీ నడపాలి. కూలి పిక్కుల లెక్కన వస్తుంది కనుక సాంచా ఆగినంతసేపూ పైసా రాదు. పనిగంటలు మాత్రం గడిచిపోతుంటాయి.

పోగు తెగితే వచ్చే పంచాయితీ అందరికీ తెలిసిందే. గంజి సరిగ్గా పట్టలేదని నేత కార్మికుడు అంటాడు. నూలే నాసిరకమని సైజింగు వారు అంటారు. నూలు అమ్మిన వ్యాపారి, సాంచాను జాబరుకు చూపించుకోండి అని తప్పుకుంటాడు. ముగ్గురి మాటల్లోనూ ఒక్కోసారి నిజం ఉంటుంది. కానీ ఎవరి నోటా రాని నాలుగో ముద్దాయి ఒకటుంది. సైజింగు మిషను మీద ముందు రోలరు ఒక వేగంతో, వెనుక రోలరు మరో వేగంతో తిరగడమే అది. తేడా కంటికి కనిపించదు. నూటికి ఒకటో రెండో పాళ్లు ఉంటుంది. కాటన్ పడుగును నాశనం చేయడానికి ఆపాటి తేడా చాలు.

వీధిలో గంజి పెట్టిన రోజులు

చేమగ్గాల కాలంలో పడుగును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవారు. రెండు కొసల వద్ద ఉన్నవారు పడుగును ఎంత బిగించాలో చేతితోనే తెలుసుకునేవారు. తడి మీద ఎక్కువ లాగితే పోగు ప్రాణం పోతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ పనిని ఇప్పుడు మిషను చేస్తున్నది. ఏడెనిమిది వార్పిన్ భీముల నుంచి వేలాది పోగులు ఒకేసారి కదిలి గంజి తొట్టిలో మునుగుతాయి. పిండే రోలర్ల మధ్య నుంచి వచ్చి, ఆవిరితో కాలే పెద్ద సిలిండర్ల మీద ఆరి, కర్రల వద్ద విడివడి, లాగే రోలరు మీదుగా సాంచాకు వెళ్లే భీము మీద చుట్టుకుంటాయి. గంజి తొట్టి, సిలిండర్లు, లాగే రోలరు, భీము, ఈ నాలుగు చోట్లా వేగం పొంతన కుదరాలి. ఆ వీధి కొసన నిలబడ్డ మనిషి చేతికి తెలిసిన బిగువు ఇక్కడ మోటార్లకు తెలియాలి.

లెక్క చూడండి. పిండే రోలర్లు నిమిషానికి 40 మీటర్ల పడుగును వదులుతున్నాయి. సిలిండర్లు నిమిషానికి 40 మీటర్ల 80 సెంటీమీటర్లు లాగుతున్నాయి. ఆ 80 సెంటీమీటర్లు ఎక్కడి నుంచో రావాలి కదా! తడిసిన పోగే సాగి ఆ లోటు పూడుస్తుంది. ఇది నూటికి 2 పాళ్లు. కాటన్ పడుగుకు సైజింగులో మొత్తం సాగుడు ఒకటి, ఒకటిన్నర పాళ్లు మించకూడదని మిల్లుల్లో పాటించే లెక్క. సిలిండర్లే నెమ్మదిగా నడిస్తే పోగులు వదులై ఒకదానికొకటి అంటుకుంటాయి, సిలిండరుకు చుట్టుకుంటాయి. ఆ తప్పు అప్పటికప్పుడే కనిపిస్తుంది గనుక మిషను ఆపేస్తారు. సాగుడు తప్పు అలా కనిపించదు. పోగు తెగదు, మిషను ఆగదు, భీము నున్నగా అందంగా తయారవుతుంది. తప్పు బయటపడేది సాంచా మీదే.

మామూలు కాటన్ పోగును మెల్లగా లాగితే తెగేలోగా నూటికి సుమారు 5 నుంచి 7 పాళ్లు సాగుతుంది. సాంచా మీద పడుగు రెండుగా తెరుచుకున్న ప్రతిసారీ పోగు కొంచెం సాగి మళ్లీ ముడుచుకోవాలి. నిమిషానికి 120 పిక్కులు వేసే సాంచా మీద గంటకు 7,200 సార్లు ఈ పని జరుగుతుంది. సైజింగులో తడి మీద సాగదీసి అలాగే ఆరబెట్టిన పోగు తన సాగే గుణాన్ని ముందే ఖర్చు పెట్టేసుకుంటుంది. పైకి గంజి పట్టి గట్టిగానే ఉంటుంది, లోపల సత్తువ ఉండదు.

ఇందులో మరో కిటుకు కూడా ఉంది. సాగిన పడుగు పొడవు పెరుగుతుంది. 5,000 మీటర్ల పడుగు 2 పాళ్లు సాగితే 100 మీటర్లు అదనంగా తేలుతుంది. భీము యజమానికి అది కలిసొచ్చిన పడుగులా కనిపిస్తుంది. దానికి బదులు చెల్లించేది మాత్రం సాంచా ముందు ముడులు వేస్తూ నిలబడ్డ కార్మికుడే. సాగుడు సంగతి తెలిసీ ఊరుకునేవారు లేరని చెప్పలేం.

ఒకే ప్లేటు, రెండు వేగాలు

రెండు మోటార్లు ఒకే కంపెనీవి, ఒకే హార్స్ పవరు. ప్లేటు మీద రెంటికీ 1440 అనే ఉంది. మరి వేగం ఎందుకు తేడా వస్తుంది? పొలం మోటారు నడిపే రైతుకు ఇది సులభంగా అర్థమవుతుంది. 50 సైకిళ్ల కరెంటు మీద ఈ రకం మోటారులో అయస్కాంత బలం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. ఇరుసు దాని వెంట పరుగెడుతూ కొంచెం వెనుకబడుతుంది. ప్లేటు మీది 1440 నిండు బరువు మీది లెక్క. బరువు తగ్గితే 1460, 1470 కూడా తిరుగుతుంది, పెరిగితే తగ్గుతుంది. పిండే రోలర్ల మీద ఒత్తిడి పెంచితే ఆ మోటారు కాస్త నెమ్మదిస్తుంది. సిలిండరు మోటారుకు ఆ సంగతి తెలియదు. ఓల్టేజీ పడిపోతే మరీ ఇబ్బంది. ఓల్టేజీ నూటికి 10 పాళ్లు తగ్గితే మోటారు తిప్పే సత్తువ 19 పాళ్లు తగ్గుతుంది. బరువు ఎక్కువున్న మోటారే ముందుగా వెనుకబడుతుంది.

పాత మిషన్లలో ఈ గొడవ వేరు విధంగా తీర్చారు. మోటారు ఒక్కటే. మిషను పక్కన పొడవునా ఒక ఇరుసు. దాని నుంచి పళ్ల చక్రాలతో, బెల్టులతో ప్రతి రోలరుకూ చలనం. అన్నీ ఒకే ఇరుసుకు కట్టుబడి ఉన్నాయి కనుక ఓల్టేజీ తగ్గితే అన్నీ కలిసే నెమ్మదిస్తాయి. ఆ ఏర్పాటును చిన్నచూపు చూడనక్కరలేదు. అయితే బెల్టు వదులైతే జారుతుంది, చక్రాల పళ్లు అరుగుతాయి.

కొత్త మిషన్లలో ఒక్కో భాగానికి ఒక్కో మోటారు, దానికి ఇన్వర్టరు డ్రైవు ఉంటాయి. కరెంటు సైకిళ్లను పెంచి తగ్గించి వేగాన్ని మార్చడం ఈ డ్రైవు పని. ఒక మోటారును పెద్దగా పెట్టి, మిగతావి దాని వెంట నడిచేలా చేస్తారు. కానీ రెండు డ్రైవుల మీదా 40 సైకిళ్లు అని అంకె కనిపించినంత మాత్రాన రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరుగుతున్నాయని కాదు. పైన చెప్పిన వెనుకబాటు ఇక్కడా ఉంటుంది. అందుకే ఇరుసు చివర చుట్లు లెక్కపెట్టే ఎన్‌కోడరు బిగిస్తారు. అది ఎప్పటికప్పుడు డ్రైవుకు కబురు పంపుతుంది, డ్రైవు సరిచేసుకుంటుంది.

చుట్లు సమానమైనా పని పూర్తి కాలేదు. పడుగును కదిలించేది రోలరు అంచు. 200 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న లాగే రోలరు పైతొడుగు అరిగి 198కి వస్తే, చుట్లు తగ్గకున్నా పడుగు వేగం నూటికి ఒక పాలు తగ్గుతుంది. రోలరుకు గంజి పేరుకుపోతే వేగం పెరుగుతుంది. ఇక్కడే చేతివాటం మనిషిని తలపించే ఏర్పాటు ఒకటి ఉంది. రెండు రోలర్ల మధ్య పడుగు మీద ఒక తేలే రోలరును ఆనిస్తారు. డాన్సరు రోలరు అంటారు. పడుగు బిగిస్తే అది పైకి లేస్తుంది, వదులైతే కిందికి దిగుతుంది. ఆ కదలికను బట్టి వెనుక మోటారు వేగం కొద్దిగా తగ్గుతుంది, పెరుగుతుంది. దాని మీద పెట్టిన బరువును బట్టి బిగువు ఉంటుంది. దీని ఇరుసు బిగుసుకుపోయి కదలకపోతే మాత్రం ఉండీ లేనట్టే.

భీము చుట్టేచోట లెక్క ఇంకో రకం. ఖాళీ భీము అడ్డుకొలత 15 సెంటీమీటర్లు ఉంటే, నిమిషానికి 40 మీటర్లు చుట్టడానికి 85 చుట్లు తిరగాలి. నిండి 60 సెంటీమీటర్లయ్యాక 21 చుట్లు చాలు. ఇక్కడ మోటారుకు వేగం చెప్పి వదిలేస్తే కుదరదు, ఎంత బలంతో లాగాలో చెప్పాలి.

అసలు దెబ్బలు ఎక్కువగా తగిలేది మిషను నిలకడగా నడిచేటప్పుడు కాదు, మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ. ఒక డ్రైవులో వేగం అందుకోవడానికి 10 సెకన్లు, మరో దానిలో 15 సెకన్లు పెట్టి ఉంటే ప్రతి మొదలుకూ పడుగు లాగబడుతుంది, లేదా వదులవుతుంది. రెంటిలోనూ ఒకే అంకె ఉండాలి. కరెంటు పోయినప్పుడు సిలిండర్లు తమ బరువు మీద తాము తిరుగుతూనే ఉంటాయి, పిండే రోలర్లు ఒత్తిడి వల్ల వెంటనే ఆగుతాయి. మధ్యలో ఉన్న తడి పడుగు గతి చెప్పనక్కరలేదు. ఆపేటప్పుడు అన్నీ కలిసి ఆగేలా బ్రేకులు సరిచూసుకోవడం, కరెంటు కోతల తర్వాత ఆ ముక్కకు గుర్తు పెట్టడం సైజింగు వారు చేయదగిన పనులు.

మరి భీము తెచ్చుకున్న ఆసామి ఏం చూడాలి? మొదటిది చిట్టా. వార్పిన్ భీము మీద ఎన్ని మీటర్లు ఎక్కించారు, కొసన ఎంత మిగిలింది, సాంచా భీముల మీద మొత్తం ఎన్ని మీటర్లు దిగింది అని అడగాలి. 5,000 ఎక్కించి 20 మిగిలితే వాడింది 4,980. దిగింది 5,080 అయితే 100 మీటర్లు సాగినట్టే. అంటే 2 పాళ్లు. రెండు చోట్లా మీటర్లు సరిగా పనిచేస్తుంటేనే ఈ లెక్కకు విలువ.

రెండోది చేతి పరీక్ష. అదే నూలు కోను నుంచి గంజి పెట్టని పోగులు ఇరవై, భీము నుంచి ఇరవై తీసుకోవాలి. స్కేలు పక్కన 50 సెంటీమీటర్ల వద్ద పట్టుకొని మెల్లగా లాగి, ఎక్కడ తెగిందో ఒక్కోటీ కాగితం మీద రాసుకోవాలి. పచ్చి పోగు సుమారు 53 దాకా వెళ్తుంది. గంజి పెట్టాక కొంత తగ్గడం సహజం, 52 దాకా వస్తే నేత సాగుతుంది. ఎక్కువ పోగులు 51 దగ్గరే తెగుతుంటే, మరీ ఎక్కువగా ఆరబెట్టారా అని ముందు అడగాలి. కాదంటే పిండే రోలరుకూ సిలిండరుకూ మధ్య వేగం కొలిచి చూపించమనాలి. రోలరుకు ఆనించి మీటర్లలో వేగం చూపే చేతి టాకోమీటరుతో రెండు చోట్లా కొలవడానికి పావుగంట కూడా పట్టదు.