పాత కారులో చీకటి

మద్రాసులో స్టాండర్డ్ సంస్థవారు 1961లో హెరాల్డ్ కార్ల నిర్మాణము ఆరంభించిరి. ఆ హెరాల్డ్ చట్రమునే కురుచ చేసి, ఇంగ్లండులో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారును వెలువరించిరి. దాని విద్యుత్ పరికరములు లూకస్ కంపెనీవి. లూకసును ‘చీకటి రాకుమారుడు’ అని గేలిచేసిరి. ఆ నింద సగమే న్యాయము. మిగిలిన సగము తుప్పుది.

ఆదిలాబాదు అడవిదారిలో, వానరాత్రి, ఇట్టి కారు దీపములు మిణుకుమన్నచో యజమాని ప్రాణము కొట్టుకొనును. మరునాడు బ్యాటరీ మార్పించును, పిదప డైనమో. సొమ్ము పోవును, జబ్బు పోదు.

కారణమేమి? విద్యుత్తు దీపమునకు తీగ వెంట పోవును. తిరుగుదారి మాత్రము కారు ఇనుపదేహమే. దేహమునకు తీగ బిగించిన మరచోట తుప్పు చేరినచో ఆ దారి ఇరుకగును. దీపము వెలుగుచుండగా వోల్టుమీటరు ఒక కొసను దీపపు గూటికిని, రెండవ కొసను దేహమునకు కలిపిన బ్యాటరీ ధ్రువమునకును ఆనించవలెను. (1967కు పూర్వపు స్పిట్‌ఫైర్లలో అది ధనధ్రువము, ఇచ్చట పొరపడినవారు పెక్కురు.) ముల్లు దాదాపు సున్న వద్ద నిలువవలెను. ఒక వోల్టు చూపెనా, పండ్రెండింట ఒకటి ఆ తుప్పే మింగుచున్నదన్నమాట.

ఇంజనును దేహమునకు కలుపు పట్టీ తెగినచో మరియు వింత. స్టార్టరు కోరు వంద ఆంపియర్లకు మించిన ప్రవాహము వేరు దారి లేక, చోకు తీగ వెంట పరుగెత్తి దానిని ఎఱ్ఱగా కాల్చగలదు. చోకు తీగ మార్చినందున ఫలమేమి?

మురికి లోహముపై టంకము నిలువదని కరీంనగరు వెండితీగ పనివారెరుగుదురు. ఇచ్చటను ఆ పనియే: ముందుగా బ్యాటరీ తీగ తొలగించి, మర విప్పి, లోహము మెరయువరకు గరుకు కాగితముతో రుద్ది, బిగించి, పైన కొంచెము వాసెలిన్ పూయవలెను.